చివరి కుండీ దాకా నీళ్ళు

మిద్దెతోట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

మార్చి వచ్చిందంటే నాకు అందే ఉత్తరాల్లో డ్రిప్, అంటే మొక్క మొదట్లో చుక్కలు చుక్కలుగా నీళ్ళు వదిలే పైపుల మాట లేనిది అరుదు. ఎండ ముదిరి, పొద్దునా సాయంత్రమూ బకెట్లు మోసి నడుములు పట్టేశాక అందరి చూపూ ఆ నల్ల పైపుల మీదికి మళ్ళుతుంది. రంగారెడ్డి, మెదక్ జిల్లాల్లో కూరగాయల రైతుల పొలాలకు డ్రిప్ వేయించడం నా ఉద్యోగంగా ఉండేది. పదవీ విరమణ తర్వాత హైదరాబాద్ అల్వాల్‌లో మా మిద్దె మీద అదే పని చేసుకుంటున్నాను. పొలంలో నేర్చుకున్నదంతా మిద్దె మీదికి యథాతథంగా రాదు. పొలంలో నీటిని మోటారు తోస్తుంది. మిద్దె మీద నీరు తన బరువుతో తానే దిగాలి. ఈ తేడా పట్టించుకోకుండా పైపులు కొన్నవాళ్ళే ఎక్కువగా ఉత్తరాలు రాస్తున్నారు. అందుకే ఈసారి డ్రిప్ ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చాను.

ప్రశ్న: సార్, మాది ఉప్పల్‌లో రెండంతస్తుల ఇల్లు. మిద్దె మీద 40 గ్రో బ్యాగుల్లో టమాటా, వంగ, బెండ, బీర వేశాను. మెట్ల గది మీద 1,000 లీటర్ల ట్యాంకు ఉంది. మా అబ్బాయి ఆన్‌లైన్‌లో ఖరీదైన డ్రిప్ కిట్టు తెప్పించి బిగించాడు. ట్యాంకుకు దగ్గరగా ఉన్న బ్యాగుల్లో నీళ్ళు పొంగి కిందికి కారుతున్నాయి. చివరి వరసలో బెండ మొక్కలు తలలు వాల్చేస్తున్నాయి. కిట్టు చెడిపోయిందంటారా? ప్రెజర్ మోటారు పెట్టించమంటారా?
– ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: కిట్టు చెడిపోలేదమ్మా. అది మీ మిద్దెకు సరిపడే రకం కాదు. మోటారు జోలికి ఇప్పుడే పోకండి. ముందు మీ అబ్బాయికి ఒక కొలత టేపు ఇచ్చి, ట్యాంకులో నీటి మట్టానికీ బ్యాగు మీది డ్రిప్పర్‌కూ (చుక్కలు వదిలే చిన్న ప్లాస్టిక్ ముక్క) మధ్య నిలువు ఎత్తు ఎంత ఉందో కొలవమనండి. నీరు 10 మీటర్ల ఎత్తు నుంచి దిగితే ఒక బార్ ఒత్తిడి వస్తుంది; బార్ అన్నది ఒత్తిడికి కొలత. మెట్ల గది మీది ట్యాంకు నుంచి మిద్దె మీది బ్యాగుకు ఉండే ఎత్తు మామూలుగా 3 మీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. అంటే మీ చేతిలో ఉన్న ఒత్తిడి 0.3 బార్. బ్యాగులను స్టాండ్ల మీద పెట్టి ఉంటే అందులోంచి ఆ స్టాండు ఎత్తు కూడా తీసేయాలి. పైపు ఎంత పొడవు తిరిగినా, ఎంత లావుగా ఉన్నా ఈ అంకెను పెంచలేదు. పైపు సన్నదైతే మాత్రం తగ్గిస్తుంది.

ఇక డ్రిప్పర్ సంగతి. ఖరీదైన కిట్లలో తరచుగా ప్రెజర్ కాంపెన్సేటింగ్ రకం డ్రిప్పర్లు వస్తాయి. దుకాణంలో పీసీ డ్రిప్పర్ అని అడుగుతారు. దాని లోపల పలచటి రబ్బరు పొర ఉంటుంది. ఒత్తిడి పెరిగితే ఆ పొర నీటి దారిని నొక్కి ఇరుకు చేస్తుంది, తగ్గితే వదులుతుంది. ఎగుడుదిగుడు పొలంలో మొదటి మొక్కకూ చివరి మొక్కకూ ఒకే కొలత అందాలని తయారు చేసిన వస్తువు అది, ఆ పనికి చాలా గొప్పది. కానీ ఆ పొర సరిగ్గా పని చేయాలంటే రకాన్ని బట్టి అర బార్ నుంచి ఒక బార్ దాకా ఒత్తిడి కావాలి. 0.3 బార్ దానికి చాలదు. అప్పుడు ఏ డ్రిప్పర్ ఎంత వదులుతుందో చెప్పలేం. దానికి తోడు మీ అబ్బాయి అన్ని బ్యాగులకూ ఒకే పొడవాటి సన్న పైపు వేసి ఉంటాడని నా అనుమానం. దగ్గరి బ్యాగులు తాగగా మిగిలిందే చివరి బెండకు చేరుతోంది.

మీరు కొనవలసింది మామూలు 4 లీటర్ల డ్రిప్పర్, రబ్బరు పొర లేనిది. పీసీ కన్నా చవక కూడా. రాణిగంజ్‌లో పైపులు, పంపులు అమ్మే దుకాణాల్లో విడిగా దొరుకుతాయి. డ్రిప్పర్ మీద రాసి ఉండే 4 లీటర్లు అన్నది ఒక బార్ ఒత్తిడి దగ్గర గంటకు వచ్చే నీరు. ఒత్తిడి నాలుగో వంతుకు పడిపోతే నీరు సగానికి తగ్గుతుంది. కాబట్టి మీ 0.3 బార్ దగ్గర అది గంటకు 2 లీటర్ల కన్నా కాస్త ఎక్కువ ఇస్తుంది. అరగంట తెరిచి ఉంచితే ఒక్కో బ్యాగుకు ఒక లీటరు. మనకు కావలసింది కూడా అంతే. ఏప్రిల్, మే నెలల్లో 20 లీటర్ల బ్యాగులో కాపు మీదున్న టమాటాకూ వంగకూ నేను పొద్దున లీటరు, సాయంత్రం లీటరు లెక్కన ఇస్తాను. డిసెంబరులో అందులో సగం చాలు.

పైపులు ఇలా వేయించండి. ట్యాంకు నుంచి మిద్దె నేల దాకా అంగుళం పైపు. అక్కడ ఒక బాల్ వాల్వ్ (లోపలి రంధ్రమున్న గుండు తిప్పితే తెరుచుకునేది), దాని తర్వాత అంగుళం సైజు జాలి ఫిల్టరు, 120 మెష్‌ది, అంటే జాలిలో అంగుళానికి 120 కన్నులు ఉండేది. ముప్పావు అంగుళం ఫిల్టరు చవకగా వస్తుంది కానీ, కాస్త మట్టి పట్టగానే ఉన్న కొద్దిపాటి ఒత్తిడినీ మింగేస్తుంది. ఫిల్టరు దాటాక ఒక టీ (ఇంగ్లిషు T ఆకారపు జాయింటు) పెట్టి 16 మిల్లీమీటర్ల పైపును రెండు చేతులుగా చీల్చండి, ఒకటి తూర్పు వరసకు, ఒకటి పడమటి వరసకు. రెంటి చివర్లనూ మళ్ళీ కలిపేస్తే ఇంకా మేలు. పైపు గుండ్రంగా మూసుకుంటే ప్రతి బ్యాగుకూ రెండు వైపుల నుంచీ నీరు వస్తుంది, చివరి బ్యాగు అనేదే ఉండదు. అలా కలిపినా, కడగడానికి వీలుగా పల్లంలో ఒక టీ పెట్టి దానికి ఎండ్ క్యాప్ (పైపు చివరి మూత) బిగించడం మరవకండి. 16 పైపు నుంచి బ్యాగుకు వెళ్ళే 4 మిల్లీమీటర్ల సన్న గొట్టాలన్నీ ఒకే పొడవుతో, అరమీటరు మించకుండా కోయండి. ఒకటి జానెడు, ఇంకొకటి బారెడు ఉంటే నీటి కొలతా అలాగే ఉంటుంది.

ఇంకొకటి. పైపును ఎక్కడా పిట్టగోడ మీదికి ఎక్కించి దించకండి. అలాంటి మిట్ట దగ్గర గాలి చేరి కూర్చుంటుంది. మోటారు ఉన్న పొలంలో నీరు ఆ గాలిని నెట్టేస్తుంది. మిద్దె మీద నెట్టలేదు. ట్యాంకు నిండుగా ఉన్నా ఒక వరసకు చుక్క రావడం లేదంటూ వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి ఇదే కారణం.

అన్నీ బిగించాక ఒకే కొలత స్టీలు గ్లాసులు నాలుగు తీసుకుని మొదటి డ్రిప్పర్ కింద ఒకటి, మధ్యలో రెండు, అన్నిటికన్నా దూరంలో ఉన్న దాని కింద ఒకటి పెట్టండి. వాల్వ్ తెరిచి సరిగ్గా 6 నిమిషాలు ఆగి మూసేయండి. గంటకు 2 లీటర్లు ఇచ్చే డ్రిప్పర్ కింద ఆ పాటికి 200 మిల్లీలీటర్లు చేరాలి. మొదటి గ్లాసుకూ చివరి గ్లాసుకూ తేడా పదో వంతు లోపు ఉంటే నిశ్చింతగా ఉండండి. అంతకు మించితే ఫిల్టరు, మలుపులు, గాలి, సన్న గొట్టాల పొడవు ఒక్కొక్కటిగా చూసుకుంటూ రండి. ఇది కాగితం మీద లెక్క కాదు. మట్టి మీద తడి చూసి డ్రిప్ బాగుందని నమ్మడం కన్నా ఈ నాలుగు గ్లాసులు చెప్పేది నిజం. నెలకోసారి ఈ పని చేసేవారి తోట చూడగానే తెలిసిపోతుంది.

ప్రశ్న: డ్రిప్పర్లు, కనెక్టర్లు ఇవన్నీ ఎందుకు సార్? మామూలు పైపుకు కాల్చిన సూదితో రంధ్రాలు పొడిస్తే చుక్కలు చుక్కలుగా పడవా? మా పక్కింటివాళ్ళు ఆసుపత్రి నుంచి వాడేసిన సెలైన్ గొట్టాలు తెచ్చి కట్టారు, చక్కగా పని చేస్తున్నాయి.
– పాలిటెక్నిక్ విద్యార్థి, బోయిన్‌పల్లి

జవాబు: రెండు విడి ప్రశ్నలు ఇవి. సెలైన్ గొట్టాల సంగతి ముందు. రోగికి వాడినవి ఇంట్లోకి తేవద్దు, మనం తినే ఆకుకూరల మధ్య అసలే వద్దు. వాడేసిన గొట్టాలు, సూదులు ఆసుపత్రి వ్యర్థాలు. వాటిని పారవేయడానికి చట్టం చెప్పిన పద్ధతి ఉంది. అదీ కాక ఆ గొట్టం తెల్లగా, పారదర్శకంగా ఉంటుంది. వెలుతురు తగిలిన చోట పాచి పడుతుంది. ఎండాకాలంలో చూస్తుండగానే లోపల ఆకుపచ్చ పొర కట్టి మూసుకుపోతుంది. డ్రిప్ పైపు నల్లగా ఉండడం అందం కోసం కాదు.

సూది రంధ్రం గురించి నువ్వు అడిగింది చాలా మంచి ప్రశ్న, ఎందుకంటే డ్రిప్ చరిత్రంతా అందులోనే ఉంది. రంధ్రం గుండా చుక్కగా రావాలంటే అది వెంట్రుకంత సన్నగా ఉండాలి. అంత సన్న రంధ్రాన్ని ఒక ఇసుక రేణువు మూసేస్తుంది. కాస్త పెద్దది చేస్తే చుక్క కాదు, ధార వస్తుంది. ఈ చిక్కును విప్పింది ఇజ్రాయెల్ నీటి ఇంజనీరు సిమ్చా బ్లాస్. రంధ్రాన్ని సన్నం చేయడం మాని, దారిని పొడవు చేశాడు. నీరు పొడవాటి ఇరుకు దారిలో గోడలను రాసుకుంటూ పోతే దాని వేగం, ఒత్తిడి తగ్గుతాయి. దారి వెడల్పు మాత్రం రేణువు పోయేంత ఉంటుంది. నెగెవ్ ఎడారిలోని హాట్జెరిమ్ అనే ఉమ్మడి వ్యవసాయ క్షేత్రంతో కలిసి ఆయన ఈ వస్తువును తయారు చేయించగా, 1965లో నెటాఫిమ్ సంస్థ పుట్టింది.

నీకు వీలైతే ఒక మూత డ్రిప్పర్ కొని, మూత తిప్పి విప్పి చూడు. వేలి గోరంత చోటులో, ఒకదానికొకటి ఎదురుగా రంపం పళ్ళలాంటి గోడలు, వాటి మధ్య వంకరలు తిరుగుతూ పోయే సన్నటి కాలువ కనిపిస్తాయి. ప్రతి పన్ను దగ్గరా నీరు గుద్దుకుని, సుడి తిరిగి, వేగం పోగొట్టుకుని ముందుకు జరుగుతుంది. ఆ సుళ్ళే మట్టి రేణువులను కూర్చోనివ్వకుండా కదిలిస్తూ ఉంటాయి. చిన్న ప్లాస్టిక్ ముక్కలో ఇంత ఆలోచన ఉంది. సూదితో దీన్ని చేయలేం.

ప్రశ్న: మా నిజాంపేట అపార్ట్‌మెంట్‌లో మిద్దె తోటకు బోరు నీళ్ళే దిక్కు. డ్రిప్ వేసిన రెండు నెలలకే సగం డ్రిప్పర్లు మూసుకుపోయాయి. మూతుల దగ్గర తెల్లగా గట్టిపడింది. బ్యాగుల అంచుల్లో కూడా తెల్లటి పొర కనిపిస్తోంది. మొక్కల ఆకు కొసలు ఎండుతున్నాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, నిజాంపేట

జవాబు: మీకు రెండు బాధలు ఉన్నాయి, రెంటికీ మూలం ఒకటే. మన నగరం కింద ఉన్నది గ్రానైటు. బోర్లు ఆ రాతి పగుళ్ళలోని నీటిని పైకి తెస్తాయి. చాలాచోట్ల ఆ నీటిలో సున్నపు లవణాలు ఎక్కువ. డ్రిప్పర్ మూతి దగ్గర చుక్క ఆగి, ఎండకు ఆవిరైతే లవణం అక్కడే మిగులుతుంది. మీ బక్కెట్ల అంచునా, గీజరు లోపలా పట్టే తెల్ల పొరే ఇది.

మూసుకుపోయిన డ్రిప్పర్లను పారేయకండి. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు 50 గ్రాములు లీటరు వేడి నీళ్ళలో కరిగించి, డ్రిప్పర్లు విప్పి ఒక రాత్రి అందులో నానబెట్టండి. బుడగలు వస్తుంటే సున్నం కరుగుతోందని అర్థం. పొద్దున పాత టూత్ బ్రష్‌తో రుద్ది, మంచినీళ్ళతో రెండుసార్లు కడిగి పెట్టుకోండి. రైతులు ఇదే పనికి ఘాటైన యాసిడ్ పైపుల్లోకి ఎక్కిస్తారు. ఇంట్లో అది వద్దు, పిల్లలు తిరిగే చోటు. ఇకముందు కొనేటప్పుడు మూత విప్పి కడుక్కోగలిగే డ్రిప్పర్లే తీసుకోండి. సీలు వేసినవి మూసుకుంటే పారేయడమే.

పక్షానికోసారి ఎండ్ క్యాప్ తీసి నీళ్ళు పూర్తిగా వదలండి. మొదట ఎర్రగా, తర్వాత నలకలతో, చివరికి తేటగా వస్తాయి. తేటబడేదాకా వదిలి మూసేయండి. ఫిల్టరు జాలిని వారానికోసారి కడగాలి. ఈ రెండు పనులూ చేయనివారు డ్రిప్ వేయకపోవడమే మంచిది, కోపగించుకోకండి. చేతితో నీళ్ళు పోసేవాడు రోజూ మొక్కను చూస్తాడు. డ్రిప్ వేసి చూడడం మానేస్తే మొక్కకు నీళ్ళు పోసేవాడూ చూసేవాడూ ఇద్దరూ లేనట్టే.

ఇక బ్యాగుల సంగతి. ఆకు కొసలు ఎండడం ఉప్పు పేరుకోవడం వల్లనే కావచ్చు. డ్రిప్ కొద్దికొద్దిగా నీరు ఇస్తుంది కాబట్టి ఉప్పు కిందికి కొట్టుకుపోదు, తడి ఆగిన అంచున చేరుతుంది. పొలంలో వాన ఆ ఉప్పును కడిగేస్తుంది. మీరు ఎండాకాలంలో పక్షానికోసారి ఒక్కో బ్యాగుకు మగ్గుతో నిండుగా నీరు పోసి, అడుగు రంధ్రాల్లోంచి ధారాళంగా కారేలా చూడండి. ఆ రోజుకు మంజీరా నీళ్ళో కృష్ణా నీళ్ళో దొరికితే మరీ మంచిది. వీలైతే డ్రిప్‌కు కూడా ఆ నీటినే వాడుకోండి. రోజుకు 2 లీటర్ల చొప్పున 40 బ్యాగులకు 80 లీటర్లు, నెలకు 2,400 లీటర్లు. ఒక 5,000 లీటర్ల ట్యాంకరులో సగం కూడా కాదు. తోటకు నీళ్ళు వృథా అని అపార్ట్‌మెంటు సమావేశంలో ఎవరైనా అంటే ఈ లెక్క చూపించండి.

ప్రశ్న: మే నెలలో మా చెల్లెలి కూతురి పెళ్ళికి 10 రోజులు కరీంనగర్ వెళ్ళాలి. 30 బ్యాగులకు డ్రిప్ ఉంది. టైమరు పెట్టుకుంటే చాలా? ఏది కొనాలి?
– ఒక గృహిణి, సరూర్‌నగర్

జవాబు: చాలదమ్మా. టైమరు వాల్వును తెరుస్తుంది, మీ ట్యాంకును నింపదు. సంపు నుంచి మోటారు వేసి ట్యాంకు నింపేది మీరే అయితే, మీరు లేని రోజుల్లో ఎవరు నింపుతారో ముందు తేల్చుకోండి. 30 బ్యాగులకు రోజుకు 60 లీటర్లు, 10 రోజులకు 600. 1,000 లీటర్ల ట్యాంకు నింపి వెళ్ళి, ఇంట్లో ఇంకెవరూ దాన్ని వాడకపోతే సరిపోతుంది. అయితే ట్యాంకు ఎక్కడ ఉందన్నది ముఖ్యం. మెట్ల గది మీద ఉంటే మట్టం దిగినా కింద ఇంకా 3 మీటర్ల ఎత్తు మిగిలి ఉంటుంది, ధార పెద్దగా తగ్గదు. అదే ట్యాంకు మిద్దె నేల మీదే కూర్చుని ఉంటే, సగం ఖాళీ అయ్యేసరికి బ్యాగు ఎత్తుకూ నీటి మట్టానికీ తేడా ఉండదు. ట్యాంకులో 400 లీటర్లు ఉండగానే మొక్కలు ఎండుతాయి. అలాంటివారు పక్కింటివాళ్ళ చేతికి తాళం ఇచ్చి వెళ్ళడం మేలు.

టైమరు కొనేటప్పుడు దుకాణదారుని ఒకే ప్రశ్న అడగండి: లోపల ఉన్నది సోలెనాయిడ్ వాల్వా, బాల్ వాల్వా? సోలెనాయిడ్ అంటే కరెంటు అయస్కాంతంతో తెరుచుకునే వాల్వు. ఆ రకాల్లో చాలావాటికి తెరుచుకోవడానికే కొంత ఒత్తిడి కావాలి. మిద్దె ట్యాంకు కింద అవి మొరాయిస్తాయి. బాల్ వాల్వును చిన్న మోటారు తిప్పుతుంది కాబట్టి ఒత్తిడి లేకున్నా పని చేస్తుంది. పెట్టె మీద 0 బార్ నుంచి అని రాసి ఉంటే తీసుకోండి.

ప్రయాణానికి కనీసం వారం ముందు బిగించి, కొత్త బ్యాటరీలు వేసి, మీరు ఇంట్లో ఉండగానే దాని పని చూడండి. సూర్యోదయానికి ముందు ఒకసారి, పొద్దు గూకాక ఒకసారి పెట్టండి. మధ్యాహ్నం 3 గంటలకు వద్దు. మే నెల కాంక్రీటు మీద పడి ఉన్న నల్ల పైపులో నీళ్ళు చేయి పెట్టలేనంత కాగి ఉంటాయి, అవి నేరుగా వేళ్ళ మీద పడతాయి. వెళ్ళే ముందు బ్యాగుల మీద నాలుగు వేళ్ళ మందం ఎండుటాకులో కొబ్బరి పీచో పరచండి. షేడ్ నెట్ ఉంటే కట్టండి. కాయలన్నీ కోసేసి వెళ్ళండి. పెళ్ళి బాగా జరగాలని కోరుకుంటున్నాను.

ప్రశ్న: పాలకూర, మెంతికూర, కొత్తిమీర టబ్బుల్లో చల్లాను. డ్రిప్పర్ పెట్టిన చోట గుబురుగా మొలిచి, మిగతా చోట బోసిగా ఉంది. ఎందుకు?
– ఒక పాఠకురాలు, మెహిదీపట్నం

జవాబు: చల్లిన గింజకు పై మట్టి తడిగా ఉండాలి. డ్రిప్ తడిపేది లోపల, అదీ ఒక్క చోట. కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ఎక్కువగా కలిపిన తేలికపాటి మిశ్రమంలో నీరు పక్కలకు పాకదు, నిటారుగా దిగిపోతుంది. ఎర్రమట్టి పాలు ఎక్కువగా ఉంటే కాస్త పక్కలకు తిరుగుతుంది. ఆకుకూరలకు మొలకలు నిలదొక్కుకునేదాకా రోజ్ క్యాన్‌తో (జల్లులా నీళ్ళు పోసే డబ్బా) చేత్తో పోయడమే మంచిది. తర్వాత కూడా ఒక్క డ్రిప్పర్ చాలదు. దగ్గర దగ్గరగా డ్రిప్పర్లు లోపలే అమర్చి వచ్చే ఇన్‌లైన్ పైపును జానెడు దూరంలో వరసలుగా పరచండి. మూడు టబ్బులే ఉంటే ఈ ఖర్చు అనవసరం. నేను మాత్రం కొత్తిమీరకు ఎన్నడూ డ్రిప్ పెట్టను.

ప్రశ్న: డ్రిప్ వేసినా టమాటా కాయ అడుగు నల్లగా కుంగిపోతోంది. కాల్షియం లోపమని ఒకరు, తెగులని ఒకరు అన్నారు. గుడ్డు పెంకుల పొడి వేశాను, మందు కొట్టాను. తగ్గలేదు. బోరు నీళ్ళే వాడతాను. డ్రిప్‌ను రెండు రోజులకోసారి గంటన్నర వదులుతాను.
– ఒక పాఠకుడు, కొంపల్లి

జవాబు: మీ ఉత్తరంలో చివరి వాక్యమే జవాబు. ఇది తెగులు కాదు, మందుతో తగ్గదు. కాయకు కాల్షియం అందక అడుగు భాగం చచ్చిపోతుంది. అయితే మీ మట్టిలో కాల్షియం లేదని కాదు. బోరు నీళ్ళలోనే అది దండిగా ఉంటుంది. కాల్షియం మొక్కలో నీటితో పాటే ప్రయాణిస్తుంది. ఆకులు ఎండకు నీటిని ఆవిరి చేస్తూ లాక్కుంటాయి, కాయ అంతగా లాక్కోలేదు. మట్టి ఒక రోజు బురదగా, మర్నాడు పొడిగా ఉంటే వచ్చే కొద్దిపాటి నీరూ ఆకులకే పోతుంది. కాయ కొస అన్నిటికన్నా దూరం, అక్కడే నల్లబడుతుంది. గుడ్డు పెంకు మట్టిలో కరగడానికి నెలలు పడుతుంది, ఈ కాపుకు అక్కరకు రాదు.

గంటన్నర ఒకేసారి వదలడం మానండి. ఎండాకాలంలో రోజూ పొద్దున అరగంట, సాయంత్రం అరగంట ఇవ్వండి. పెద్ద బ్యాగుకు ఒకే డ్రిప్పర్ ఉంటే మొదలుకు రెండు వైపులా రెండు పెట్టి సమయం సగానికి తగ్గించండి. అప్పుడు తడి బ్యాగంతా పరుచుకుంటుంది. నల్లబడిన కాయలను కోసి పారేయండి, అవి కోలుకోవు. కొత్తగా దిగే పిందెలను చూడండి. తేడా వాటిలోనే తెలుస్తుంది. 10 లీటర్ల చిన్న కుండీల్లో టమాటా వేసి ఉంటే మాత్రం మే నెలలో ఈ బాధ పూర్తిగా పోదు. వచ్చే ఏడాది పెద్దవి తీసుకోండి.

ప్రశ్న: జీవామృతం డ్రిప్ ద్వారా ఇవ్వవచ్చా? ఉడతలు సన్న గొట్టాలను కొరికేస్తున్నాయి, ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, వనస్థలిపురం

జవాబు: ఇవ్వకండి. పలచటి గుడ్డతో ఎన్నిసార్లు వడగట్టినా జీవామృతంలో పేడ నలక, బెల్లం, పిండి మిగిలి పైపు లోపల జిగట పొర కడతాయి. అది సున్నంలా నిమ్మ ఉప్పుకు కరగదు. మగ్గుతో మొదలు దగ్గర పోయండి, ఐదు నిమిషాల పని. ఉడతలకు ఎండాకాలంలో దాహం. వెడల్పాటి మట్టి మూకుడులో రోజూ నీళ్ళు పెట్టండి, కొరకడం చాలావరకు తగ్గుతుంది. గొట్టాలను బ్యాగుల వెనక వైపు నీడలో పోనివ్వండి. కొరికిన ముక్క కోసి జాయినరు వేసుకోవడానికి నాలుగైదు జాయినర్లు ఇంట్లో ఉంచుకోండి.

ప్రశ్న: కొండాపూర్‌లో అద్దె ఫ్లాటులో ఉంటాం. బాల్కనీలో 8 కుండీలు ఉన్నాయి. డ్రిప్ వేయించుకోవాలా?
– ఒక పాఠకురాలు, కొండాపూర్

జవాబు: వద్దమ్మా. మగ్గు చాలు. ఊరెళ్ళేటప్పుడు భయమైతే ప్రతి పెద్ద కుండీలో రంగు వేయని చిన్న మట్టి కుండను మెడ దాకా పూడ్చి, నీళ్ళు నింపి, మూత పెట్టి వెళ్ళండి. కుండ గోడల గుండా నీరు మెల్లగా ఊరి వేళ్ళకు చేరుతుంది. అది రెండు మూడు రోజుల ప్రయాణానికి పనికొస్తుంది, అంతకు మించితే ఎవరికైనా అప్పజెప్పండి.

ప్రశ్న: వానాకాలంలో డ్రిప్ పూర్తిగా ఆపేయాలా? గత ఏడాది వానల్లో మా కరివేపాకు పసుపెక్కి చచ్చిపోయింది. టైమరు నడుస్తూనే ఉంది.
– ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: కరివేపాకుకు నీరు నిలిస్తే వేరు కుళ్ళుతుంది. వాన కురుస్తుంటే టైమరు తన పని తాను చేసుకుపోతూ ఉంటుంది, దానికి మబ్బు తెలియదు. జూన్‌లో తొలకరి పడి వానలు స్థిరపడగానే టైమరును చేతి పద్ధతికి మార్చి, బ్యాటరీ తీసేయండి. అయితే పూర్తిగా మరచిపోవడానికీ లేదు. జూలైలో, ఆగస్టులో వారం పది రోజులు చినుకు లేని రోజులు వస్తుంటాయి. నేల మీది చెట్లు తట్టుకుంటాయి, బ్యాగులు మాత్రం మూడో రోజుకే ఎండుతాయి. వేలిని మట్టిలోకి రెండు కణుపులు దింపి చూడండి. లోపల పొడిగా తగిలితే ఆ రోజు అరగంట వదలండి, తడి తగిలితే వద్దు. కరివేపాకు, కలబంద, గులాబీలను విడి పైపు మీద పెట్టి మధ్యలో ఒక చిన్న వాల్వు వేయించుకుంటే టమాటాకు నీరిచ్చినప్పుడల్లా వాటికీ ఇవ్వాల్సిన అవసరం ఉండదు. కొత్త కరివేపాకు మొక్కను కోకోపీట్ తగ్గించి, ఎర్రమట్టికి ఇసుక కలిపి నాటండి. అడుగు రంధ్రాల మీద పెంకు ముక్కలు పరచండి. సెప్టెంబరు చివర్లో టైమరుకు మళ్ళీ బ్యాటరీలు వేసే ముందు ఎండ్ క్యాపులు తీసి పైపులన్నీ ఒకసారి కడగండి. వానాకాలమంతా ఊరికే పడున్న పైపుల్లో చీమలు గూడు కట్టుకుని ఉంటాయి.